కీమోథెరపీలో జుట్టు రాలడం: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్ళలో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే కొందరు విశాఖపట్నం వెళతారు, కొందరు కటక్ వెళతారు, మరికొందరికి జిల్లా కేంద్ర ఆసుపత్రిలోనే కీమో ఎక్కిస్తారు. డాక్టరుగారి ముందు కూర్చున్న కాసేపూ గడ్డ గురించి, తేదీల గురించి, ఆరోగ్య కార్డు గురించి మాట్లాడటంతోనే సరిపోతుంది. జుట్టు సంగతి మాత్రం తిరుగు రైలులో, పక్కన కూర్చున్న ఆడవాళ్ళను గొంతు తగ్గించి అడిగే ప్రశ్నగా మిగిలిపోతుంది. ప్రాణం గురించి మాట్లాడుతున్న చోట జడ గురించి ఎత్తడానికి సిగ్గు అడ్డం వస్తుంది. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. పైగా ఈ ప్రశ్న మొదటి డోసుకు ముందే అడగాలి, ఎందుకంటే చేసుకోగల ఏర్పాట్లలో చాలా వరకు ఆ తర్వాత చేసుకోవడం కష్టం. ఇక్కడ ఇచ్చిన సమాధానాలు అందరికీ వర్తించే సాధారణ సమాచారం మాత్రమే. మీ ఫైలు, మీ రక్తపరీక్షలు చూసిన డాక్టరు వేరే మాట చెబితే ఆ మాటనే పాటించండి.

కీమో తీసుకునే అందరికీ జుట్టు పూర్తిగా ఊడిపోతుందా?

అందరికీ ఊడదు. అది మందును బట్టి, మోతాదును బట్టి ఉంటుంది. రొమ్ము క్యాన్సరుకు తరచుగా ఇచ్చే డాక్సోరూబిసిన్ (రంగును బట్టి రోగులు దీనిని ‘ఎర్ర మందు’ అంటారు), ఎపిరూబిసిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ వంటి మందులు వాడినప్పుడు తల మీది జుట్టు దాదాపు అంతా పోతుందనే అనుకుని సిద్ధపడటం మంచిది. పెద్దపేగు క్యాన్సరుకు వాడే ఫ్లోరోయురాసిల్, ఆక్సాలిప్లాటిన్ ఇంజెక్షన్లతో, కాపెసిటాబిన్ మాత్రలతో జుట్టు పలచబడవచ్చు గాని తల బోడి కావడం అరుదు. సిస్‌ప్లాటిన్, జెమ్‌సిటాబిన్ తీసుకునే వారిలో కూడా ఎక్కువ మందికి పలచబడటంతోనే ఆగుతుంది. సాధారణంగా రెండు మూడు మందులు కలిపి ఇస్తారు కాబట్టి ఆ కలయికలో దేనికి జుట్టు రాల్చే గుణం ఎక్కువో దానిని బట్టి ఫలితం ఉంటుంది.

ఈ కారణంగా, ‘మా వదినగారికి ఊడలేదు, మీకూ ఊడదు’ అన్న ఓదార్పు, ‘మా మామయ్యకు వారంలోనే పోయింది’ అన్న భయపెట్టడం రెండూ పనికిరావు. ఫైలులో మందు పేరు మీద వేలు పెట్టి, ఈ మందుకు జుట్టు ఊడుతుందా అని నేరుగా అడగండి. డాక్టరు, నర్సు ఒడియావారైతే ‘చుటి ఝడిబొ కి?’ అంటే చాలు, అర్థమవుతుంది. రేడియేషన్ విషయం వేరు. కిరణాలు పడిన చోటనే వెంట్రుకలు పోతాయి. రొమ్ముకు రేడియేషన్ ఇస్తే తల జుట్టు ఊడదు.

జుట్టు ఊడని మందు ఇమ్మని అడగవచ్చా?

తప్పకుండా అడగవచ్చు. కొన్ని సందర్భాల్లో సమానంగా పనిచేసే రెండు మార్గాలు ఉంటాయి, అప్పుడు డాక్టరు మీ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకుంటారు. చాలా సందర్భాల్లో మాత్రం ఆ క్యాన్సరుకు బాగా పనిచేస్తుందని నిరూపణ అయిన మందే జుట్టును కూడా రాలుస్తుంది. నయమయ్యే దశలో ఉన్న జబ్బుకు జుట్టు కోసం మందు మార్చుకోవడం గాని, రెండో డోసు దగ్గర చికిత్స ఆపేసి ఊళ్ళో పసరు మందుకు వెళ్ళడం గాని ఎంత మాత్రం మంచిది కాదు. ఆలస్యమైన నెలల్లో గడ్డ పెరుగుతుంది, జుట్టు అయితే తిరిగి వస్తుంది. అయినప్పటికీ, జుట్టు కారణంగానే చికిత్సకు వెనుకాడే మనిషిని తెలివితక్కువదని తిట్టడం సరికాదు. ఆమె భయాన్ని డాక్టరు ముందు ఆమె చేతనే చెప్పించండి.

అసలు జుట్టు ఎందుకు ఊడుతుంది?

కీమో మందులు వేగంగా విభజన చెందే కణాల మీద దెబ్బ తీస్తాయి. క్యాన్సరు కణాలు అటువంటివే, వెంట్రుక కుదురులోని కణాలూ అటువంటివే. తల మీది వెంట్రుకల్లో సుమారు 90 శాతం ఎప్పుడూ పెరుగుదల దశలోనే ఉంటాయి, అందువల్ల దెబ్బ ఒకేసారి చాలా వెంట్రుకలకు తగులుతుంది. నోటి పూత, విరేచనాలు, రక్తకణాలు తగ్గడం కూడా ఇదే కారణంగా వస్తాయి. వెంట్రుకను కొత్తగా పుట్టించే మూలకణాలు మాత్రం సాధారణంగా నిలిచే ఉంటాయి కాబట్టి జుట్టు మళ్ళీ మొలుస్తుంది.

జుట్టు ఊడకపోతే మందు పనిచేయడం లేదని అర్థమా?

కాదు. ఈ రెండింటికీ సంబంధం లేదు. మందు పనిచేస్తున్నదీ లేనిదీ స్కానింగులో, పరీక్షల్లో తెలుస్తుంది.

ఎప్పుడు మొదలవుతుంది? ఎన్ని రోజుల్లో పోతుంది?

ఎక్కువ మందికి మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకు మొదలవుతుంది. అంటే మూడు వారాలకు ఒకసారి కీమో తీసుకునే వారికి రెండో డోసుకు వెళ్ళే రోజుల్లోనన్న మాట. ముందుగా మాడు మీద తాకితే నొప్పిగా, మంటగా, జడ బిగుతుగా వేసుకుని రోజంతా ఉంచినట్లుగా అనిపించవచ్చు. తర్వాత దిండు మీద, దువ్వెనలో, స్నానాల గది తూము దగ్గర కుచ్చులు కుచ్చులుగా కనిపిస్తుంది. కొందరికి వారం పది రోజుల్లో అంతా పోతుంది, కొందరికి నెల పైగా పడుతుంది. చాలా మంది అనుభవంలో అసలు బోడితల కంటే ఈ మధ్య రోజులే కష్టమైనవి. అన్నంలో వెంట్రుక, చంటిపిల్ల నోట్లో వెంట్రుక, ఇల్లంతా వెంట్రుకలు. ఇంట్లో వెంట్రుకలు పడితే దరిద్రమని పెద్దవాళ్ళు అనే మాట సరిగ్గా ఆ సమయంలోనే వినబడుతుంది. ఆ మాట అనవలసిన సమయం అది కాదని ఇంటి పెద్దలకు ముందుగానే ఎవరో ఒకరు చెప్పి ఉంచాలి. రాత్రి మెత్తని నూలు టోపీ గాని, పాత నూలు చీర ముక్క గాని తలకు కట్టుకుని పడుకుంటే రాలిన జుట్టు అందులోనే ఉంటుంది, ఉదయం దులిపేయవచ్చు. రాలిన జుట్టు తాకితే ఎవరికీ క్యాన్సరు అంటుకోదు.

ఊడకుండా ఆపే నూనె గాని, మందు గాని ఉందా?

ఏ నూనే ఆపలేదు. గుంటగలగరాకు, మందార, ఉల్లిరసం, మెంతిపిండి ముద్ద మామూలు రోజుల్లో ఎంత మంచివైనా కీమో దెబ్బను అడ్డుకోలేవు. ఉల్లిరసం, మెంతిపిండి వంటివి ఆ సమయంలో పలచబడిన మాడు చర్మాన్ని మండించి పుండ్లు చేసే ప్రమాదం కూడా ఉంది. కొద్దిగా కొబ్బరినూనె చర్మం పొడిబారకుండా రాసుకోవడానికి మాత్రం అభ్యంతరం ఉండదు. బయోటిన్ అనే విటమిను మాత్రలు జుట్టు నిలుపుతాయనే నమ్మకం మందుల షాపుల్లో బాగా ప్రచారంలో ఉంది. కీమోలో అవి జుట్టును నిలిపినట్లు ఆధారాలు లేవు, పైగా థైరాయిడ్ పరీక్షల ఫలితాలను, గుండెకు సంబంధించిన ట్రోపోనిన్ పరీక్ష ఫలితాలను తప్పుగా చూపించగలవు. డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు. జుట్టు పెరగడానికి తలకు రాసే మినాక్సిడిల్ లోషన్ కూడా ఊడటాన్ని ఆపదు. తర్వాత జుట్టు కొంత త్వరగా రావడానికి కొందరికి ఉపయోగపడవచ్చు, అదీ డాక్టరు చెబితేనే.

కొంత ఫలితం చూపించినది ఒక్కటే, తలను చల్లబరిచే టోపీ. కీమో మొదలు పెట్టడానికి సుమారు అరగంట ముందు నుండి, మందు ఎక్కుతున్నంత సేపు, ఆ తర్వాత గంట గంటన్నర వరకు యంత్రంతో చల్లబరిచిన టోపీని తలకు తొడుగుతారు. చల్లదనానికి మాడులోని రక్తనాళాలు ముడుచుకుని కుదుళ్ళకు చేరే మందు తగ్గుతుంది. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ 2015లో రొమ్ము క్యాన్సరు రోగుల కోసం ఇటువంటి పరికరానికి అనుమతి ఇచ్చింది. రొమ్ము క్యాన్సరు స్త్రీల మీద జరిగిన పరీక్షల్లో సుమారు సగం మందికి జుట్టు చాలా వరకు నిలిచింది. ఎర్ర మందు తీసుకునే వారిలో ఫలితం తక్కువ. రక్త క్యాన్సర్లకు దీనిని వాడరు. మన దగ్గర ఇది పెద్ద నగరాల్లోని కొన్ని ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది, ఖర్చు కూడా ఎక్కువే. ఇంట్లో ఐసు ముక్కలు గుడ్డలో మూటకట్టి తల మీద పెట్టుకోవడం దానికి బదులు కాదు. చల్లదనం అన్ని చోట్లా ఒకేలా అందదు, చర్మం చలికి కాలిపోతుంది.

ముందుగానే గుండు చేయించుకోవాలా?

తప్పనిసరి కాదు గాని, జుట్టును ముందుగా పొట్టిగా కత్తిరించుకోవడం చాలా మందికి మేలు చేస్తుంది. నడుము దాటిన జడ కుచ్చులుగా రాలడాన్ని చూడటం ఒకటి, భుజాల పైకి కత్తిరించుకున్న జుట్టు రాలడాన్ని చూడటం మరొకటి. కత్తిరించే ముందు జడను పైనా కిందా గట్టిగా దారంతో కట్టి, ఆపైన కత్తిరించి, పొడిగా ఉంచి దాచుకోండి. సవరాలు కట్టేవారు దానితోనే సవరం చేయగలరు, లేదా మెత్తని నూలు టోపీ అంచుకు చుట్టూ కుట్టగలరు. దాని మీద చున్నీ గాని, కొంగు గాని వేసుకుంటే ముంగురులు, మెడ దగ్గరి వెంట్రుకలు సొంతవే కనిపిస్తాయి. విగ్గు కొనడం కంటే ఇది చౌక. ఎందుకో ఈ సంగతి ఆసుపత్రుల్లో ఎవరూ చెప్పరు.

మొక్కు విషయానికి వస్తే, తిరుమలలోనో సింహాచలంలోనో తలనీలాలు ఇవ్వడం మనకు కొత్త కాదు. స్త్రీలు కూడా ఇస్తారు. ‘ఎలాగూ పోయే జుట్టే కదా, స్వామికి ఇచ్చివస్తాను’ అని మొదటి డోసుకు ముందే వెళ్ళివచ్చిన వారు ఉన్నారు, అలా చేయడం వల్ల జుట్టు తన నుండి లాక్కోబడలేదు, తానే ఇచ్చాననే తృప్తి వారికి మిగిలింది. నా దృష్టిలో ఇది చాలా మంచి మార్గం, అయితే సమయం చూసుకోవాలి. కీమో డోసు తర్వాత సాధారణంగా 7 నుండి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో కిక్కిరిసిన క్యూలో నిలబడటం, కత్తితో గుండు గీయించుకోవడం రెండూ ప్రమాదమే, చిన్న గాటు కూడా ఇన్ఫెక్షనుకు దారి తీయగలదు. చికిత్స మొదలయ్యాక గుండు కావాలనుకుంటే ఇంటికే మంగలిని పిలిపించి, శుభ్రం చేసిన ట్రిమ్మరుతో పొట్టిగా తీయించుకోండి, కత్తి వద్దు. మంగళవారం వద్దని, లక్ష్మివారం వద్దని, ముఖ్యంగా మార్గశిర మాసంలో అసలే వద్దని పెద్దలు అంటే మరో రోజు చూసుకోవడంలో నష్టమేమీ లేదు. కీమో తేదీని మాత్రం వారం చూసి మార్చకండి.

ఎవరు కత్తిరించాలి, ఎవరి ముందు కత్తిరించాలి అన్నది పూర్తిగా రోగి ఇష్టం. కొందరికి అక్కచెల్లెళ్ళు దగ్గరుండటం ధైర్యం, కొందరికి తలుపు వేసుకుని ఒంటరిగా ఉండటమే ధైర్యం.

గుండు తల చూసి జనం అడిగితే ఏమని చెప్పాలి?

మన వైపు గుండు తలకు రెండు మూడు అర్థాలు ఉన్నాయి, అందువల్లనే ఈ ప్రశ్న కష్టమైనది. మగవాడు గుండుతో కనిపిస్తే తెలుగువారైనా, ఒడియావారైనా ముందు అడిగేది ‘ఎవరు పోయారు?’ అని. తల్లిదండ్రులు బతికే ఉన్న మనిషికి ఆ మాట ఎంత బాధ కలిగిస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. మగవారికి జుట్టు పోతే ఏమిటని ఇంట్లోవాళ్ళు తేలికగా తీసుకుంటారు గాని, మీసంతో సహా పోయిన ముఖాన్ని అద్దంలో చూసుకోవడం వారికీ తేలిక కాదు. ఆడవాళ్ళ విషయంలో పాత రోజుల్లో వితంతువులకు గుండు చేయించిన దురాచారం జ్ఞాపకం ఇంకా పెద్దల మనసుల్లో ఉంది. శుభకార్యానికి రావద్దని నోటితో అనకపోయినా చూపుతో అనేవారు ఉంటారు.

నిజం చెప్పాలా, దాచాలా అన్నది మీ హక్కు. ‘మొక్కు తీర్చుకున్నాను’ అంటే మన ఊళ్ళలో మరో ప్రశ్న రాదు. ‘వైద్యం జరుగుతోంది, బాగానే ఉన్నాను’ అన్నా చాలు. ఇద్దరు ముగ్గురు దగ్గరి వారికి అసలు విషయం చెప్పి, మిగతా వారికి వారే సమాధానం చెప్పేటట్లు ఏర్పాటు చేసుకుంటే మీకు ప్రతి గుమ్మం దగ్గరా వివరణ ఇచ్చే పని తప్పుతుంది. పెళ్ళికి పిలుపు వస్తే, ఒంట్లో ఓపిక ఉండి, రక్తకణాలు బాగున్నాయని డాక్టరు చెబితే వెళ్ళండి. బొట్టు, గాజులు, పట్టుచీర ఎప్పటివలెనే ఉంటాయి. పూలు పెట్టుకోవడానికి జడ లేదన్న వెలితి మాత్రం చాలా మంది చెబుతారు. కొంగు కింద కట్టుకున్న స్కార్ఫుకు చిన్న దండను పిన్నుతో పెట్టుకునేవారు ఉన్నారు. రక్తకణాలు తక్కువగా ఉన్న రోజుల్లో తాజా పూలు దగ్గర ఉంచుకోవద్దని కొన్ని ఆసుపత్రులు చెబుతాయి కాబట్టి అప్పుడు గుడ్డ పూలతో సరిపెట్టుకోవాలి.

విగ్గు మంచిదా, గుడ్డ కట్టుకోవడం మంచిదా?

ఈ విషయంలో సరిహద్దు ఊళ్ళ స్త్రీలకు ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఒడియా ఇళ్ళలో కోడళ్ళు పెద్దల ముందు తల మీద కొంగు కప్పుకోవడం మామూలే. గుణుపురం బజారులో తెలుగు స్త్రీ కొంగు కప్పుకుని నడిచినా ఎవరూ తిరిగి చూడరు. కొంగు ఒక్కటే అయితే జారిపోతుంది కాబట్టి లోపల నూలు స్కార్ఫు కట్టుకోవాలి. పట్టు, పాలియెస్టరు బోడితల మీద నిలవవు, చెమట పట్టిస్తాయి. పలచని నూలు, లేదా వాడి వాడి మెత్తబడిన గాముఛా (ఒడియావారి నూలు తువ్వాలు) అన్నిటికంటే సుఖం. మగవారికి గాముఛా తలపాగా ఎలాగూ అలవాటే.

విగ్గు కావాలనుకుంటే జుట్టు ఉన్నప్పుడే కొనుక్కోండి, రంగు, ఒత్తు కలుస్తాయి. కొలత ఇచ్చేటప్పుడు తర్వాత జుట్టు ఉండదని, కొంచెం బిగించుకునే వీలు ఉండాలని చెప్పండి. కృత్రిమ దారాల విగ్గు చౌక, కడిగినా ఆకారం పోదు, అయితే పొయ్యి దగ్గర ఆవిరికి, నూనె సెగకు ముడుచుకుపోయి పాడవుతుంది. అది పెట్టుకుని గారెలు వేయకండి. అసలు జుట్టు విగ్గు సహజంగా ఉంటుంది గాని ఖరీదు ఎక్కువ, సంరక్షణ ఎక్కువ. బరంపురం, విశాఖ ఉక్కలో వేసవి మధ్యాహ్నం విగ్గు పెట్టుకోవడం చాలా మందికి సాధ్యం కాదు. ఫంక్షన్లకు ఒకటి రెండు గంటలు వాడుకోవడానికైతే సరిపోతుంది.

బోడితలకు ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలి?

గోరువెచ్చని నీళ్ళతో, పిల్లల షాంపూ వంటి మెత్తని సబ్బుతో రెండు మూడు రోజులకు ఒకసారి కడగండి. కుంకుడు రసం, శీకాయ ఈ కొన్ని నెలలు పక్కన పెట్టండి. మాడుకు మంట ఒక కారణం, కనురెప్పల వెంట్రుకలు లేనప్పుడు కుంకుడు నురుగు కళ్ళలోకి నేరుగా దిగుతుందన్నది రెండో కారణం. ఎండలోకి వెళితే తల కప్పుకోవాలి, ఎందుకంటే ఎప్పుడూ ఎండ ఎరగని ఆ చర్మం త్వరగా కమిలిపోతుంది. కోరాపుట్ కొండల మీద చలికాలంలో రాత్రిళ్ళు ఉన్ని టోపీ కింద నూలు టోపీ వేసుకోండి, ఉన్ని నేరుగా తగిలితే దురద పెడుతుంది. మాడు మీద చీము పొక్కులు వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. కీమోలో ఉన్నవారికి జ్వరం అత్యవసరమే, ఇంట్లో పారాసిటమాల్ వేసుకుని చూద్దామనే జ్వరం కాదు.

కనుబొమ్మలు, కనురెప్పల వెంట్రుకలు కూడా పోతాయా?

కొందరికి పోతాయి, తరచుగా తల జుట్టు కంటే ఆలస్యంగా పోతాయి. చికిత్స సగంలో ఇక పోవులే అనుకున్నాక అవి రాలడం వల్ల మనసుకు మరింత దెబ్బ తగులుతుంది. కనుబొమ్మలను పెన్సిలుతో దిద్దుకోవచ్చు. అవి ఉన్నప్పుడే ఒక ఫోటో తీసి పెట్టుకుంటే ఆకారం గుర్తుంటుంది. కంటి లోపలి అంచుకు కాటుక పెట్టవద్దు. దుమ్ము పడకుండా సాదా కళ్ళజోడు ఉపయోగపడుతుంది. ముక్కులో వెంట్రుకలు పోయినందువల్ల ముక్కు ఊరికే కారుతుంది, జలుబు అని కంగారు పడనక్కరలేదు.

చిన్న పిల్లలకు ఎలా చెప్పాలి?

జుట్టు పోకముందే చెప్పాలి. ‘అమ్మకు వేసే మందు బలమైనది, దానివల్ల జుట్టు కొన్ని నెలలు పోతుంది, మళ్ళీ వస్తుంది, నీకు అంటుకోదు, నువ్వు అల్లరి చేసినందుకు వచ్చినది కాదు’ అన్న నాలుగు మాటలు చాలు. చివరి మాట వదిలేయకండి. పిల్లలు పైకి చెప్పకపోయినా తమ తప్పు వల్లనే జరిగిందని అనుకుంటారు. చికిత్స పిల్లలకే జరుగుతుంటే బడికి తిరిగి వెళ్ళే ముందు తల్లో తండ్రో వెళ్ళి మాస్టారుతో మాట్లాడి, తరగతిలో టోపీ తీయమని ఎవరూ అనకుండా, లాగకుండా చూడమని కోరాలి.

జుట్టు మళ్ళీ ఎప్పుడు వస్తుంది?

చివరి డోసు తర్వాత మూడు నాలుగు వారాలకు నూగు కనిపిస్తుంది, ఆ తర్వాత నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. మూడు నుండి ఆరు నెలల్లో తల కప్పేంత వస్తుంది, పూర్వపు జడ కావాలంటే ఏళ్ళే పడుతుంది. కొత్త జుట్టు ఉంగరాలు తిరిగి గాని, ముతకగా గాని, నెరిసి గాని రావచ్చు. చాలా మందికి ఏడాది రెండేళ్ళలో పాత స్వభావానికి వస్తుంది. డోసిటాక్సెల్ తీసుకున్న కొద్ది మందికి జుట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, ఈ సంగతి ముందుగా తెలిసి ఉండటం మంచిది. కీమో అయ్యాక రొమ్ము క్యాన్సరుకు ఏళ్ళ తరబడి టామోక్సిఫెన్, లెట్రోజోల్ అనే హార్మోను చికిత్స మాత్రలు వాడేవారికి జుట్టు పలచగానే ఉండవచ్చు, అయినా ఆ మాత్రలు ఆపకూడదు. ఆరు నెలలు దాటినా మాడు అక్కడక్కడా ఖాళీగా ఉంటే డాక్టరుకు చూపించండి. థైరాయిడ్, ఇనుము లోపం వంటివి కారణమైతే సరిచేయవచ్చు.

కొత్త జుట్టు నెరిసి వచ్చింది, రంగు వేసుకోవచ్చా?

మాడు చర్మం పూర్తిగా కోలుకునే వరకు, అంటే కీమో ముగిసి సుమారు ఆరు నెలలు అయ్యే వరకు ఆగండి. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే పొడుల్లో రసాయన రంగు కలిపి ఉంటుంది కాబట్టి అది సహజమైనదని నమ్మి ముందుగా వాడకండి. మొదటిసారి ఏ రంగైనా చెవి వెనుక చుక్కంత రాసి, రెండు రోజులు చూసి, దురద గాని ఎర్రదనం గాని లేకపోతేనే తలకు వేసుకోండి.